ఎత్తకండి, జరపండి

మంచం పట్టిన మనిషి మొదట తగ్గించేది తిండి అనుకుంటాం. నిజానికి అంతకన్నా ముందు తగ్గేది మంచినీళ్లు. అన్నం సయించకపోతే ఇంటిల్లిపాదీ బెంగపెట్టుకుంటారు, జావ కాస్తారు, చారు కలిపి బతిమాలతారు. దాహం సంగతి ఎవరి లెక్కలోకీ రాదు. నీళ్లు తాగితే ఒంటికి వెళ్లాలి. వెళ్లాలంటే ఎవరో ఒకరు లేపాలి. లేపాలంటే బలమున్న మనుషులు ఇద్దరు ఇంట్లో ఉండాలి. ఆ ఇద్దరూ పొద్దున తొమ్మిదింటికి గడప దాటితే మళ్లీ దీపాలు పెట్టాకే రాక. అందుకని మధ్యాహ్నం భోజనం దగ్గర గ్లాసులో సగం నీళ్లు అలాగే ఉండిపోతాయి. తాగొద్దని ఎవరూ అనరు. ఆ లెక్క ఆ మనిషే లోపల్లోపల వేసుకుంటాడు.

మా ఇంట్లో ఆ లెక్క వేసుకున్నది మా మామయ్యగారు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషను కొట్టుకి జీవితమంతా గుమస్తాగా పనిచేసిన మనిషి. పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయింది గానీ మాట పోలేదు, జ్ఞాపకం పోలేదు, వెటకారమైతే మునుపటికన్నా పదునెక్కింది. చూడవచ్చిన వాళ్లందర్నీ నవ్వించి పంపే మనిషి, "అమ్మాయ్, ఒకసారి లేపుతావా" అన్న ముక్క మాత్రం అనలేకపోయేవారు. పగలు ఇంట్లో ఉండేది కోడలినైన నేనూ, పనిమనిషీ. మామగారి ఛాతీకి ఛాతీ ఆనించి, నడుం చుట్టూ చేతులు వేసి లేపడం నాకు ఇబ్బంది, ఆయనకి అంతకన్నా ఇబ్బంది. సీసా ఉంది కదా అంటారు. ఉంది. కూర్చుంటే గానీ రాదనేవారాయన. పోనీ వచ్చినా, ఆ సీసా తీసుకెళ్లి పారబొయ్యాల్సింది మళ్లీ కోడలే. నీళ్లు మానెయ్యడమే తేలికని తీర్మానించుకున్నారు.

మన ఇళ్లల్లో సాయాన్ని లెక్కగట్టే తీరు చిత్రంగా ఉంటుంది. "మీకేమండీ, కొడుకులున్నారు, కోడళ్లున్నారు, కాలు కింద పెట్టనివ్వరు" అంటారు. చేసేవాళ్లు ఉన్నారా లేరా అన్నంతవరకే మన చూపు వెళుతుంది. అడిగేవాడికి ఒక్కోసారి అడగడానికి ఎంత పడుతోందో చూడం. సాయం ఖరీదైనదైతే, అంటే ఇద్దరు పని ఆపుకుని రావలసినదైతే, వచ్చినవాళ్లు నడుం పట్టుకుని "పర్లేదులెండి" అంటూ వెళ్లవలసినదైతే, అడిగేవాడు పొదుపు మొదలుపెడతాడు. ముందు నీళ్లు, తర్వాత పక్కకి తిరగడం, తర్వాత వీధి వరండాలో కూర్చోవడం. చివరికి "నాకేం వద్దు, ఇలాగే బాగుంది" అంటాడు. దాన్ని మనం ఓపిక అనుకుని మెచ్చుకుంటాం కూడా.

మనిషిని మంచం మీంచి మంచం మీదికి, మంచం మీంచి కుర్చీలోకి మార్చే పరికరాలు బోలెడున్నాయి. వాటి గురించి చెప్పేవాళ్లు కేజీల్లో చెబుతారు. అవి తీసే బరువుల్లో అన్నిటికన్నా పెద్దది మొహమాటమని నాకు అనిపిస్తుంది.

కేజీల సంగతీ తక్కువదేం కాదు. మన దగ్గర అలవాటైన పద్ధతి ఒకటే. ఒకరు తలవైపు చేరి చంకల కింద చేతులు దూరుస్తారు, ఇంకొకరు మోకాళ్ల కింద పట్టుకుంటారు, "ఒకటి, రెండు, మూడు" అని లేపుతారు. పెట్టెకైతే బరువు ఒకచోట ఉంటుంది, పట్టుకోవడానికి అంచు ఉంటుంది. మనిషి బరువు జారుతుంది, వేలాడుతుంది, భయమేసినప్పుడు ఉన్నట్టుండి ఎదుటివాడి మెడ పట్టుకుంటుంది. అరవై కేజీల మనిషికి ఒక్కో కాలే పది కేజీల దాకా తూగుతుంది. ఎత్తేవాళ్లు మంచం మీదికి వంగి, చేతులు చాపి ఎత్తాలి. వెన్నుని నిలబెట్టే కండరాలు వెన్నుపూసకి ఐదారు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. చేతుల్లో ఉన్న బరువు అరమీటరు దూరాన ఉంటుంది. తూకం సరిపోవాలంటే ఆ కండరాలు అసలు బరువుకి ఎనిమిది, పది రెట్లు బిగించి లాగాలి. ఆ బిగింపంతా నడుం దగ్గరి డిస్కుల మీద పడుతుంది.

అమెరికాలో పనిచేసేవాళ్ల ఆరోగ్యం గురించి పరిశోధించే నియోష్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఎత్తే పెట్టె 23 కేజీలు దాటకూడదని ఆ సంస్థ లెక్క. పెట్టె స్థానంలో రోగి ఉంటే 16 కేజీలు దాటొద్దని అదే సంస్థకి చెందిన థామస్ వాటర్స్ 2007లో రాశాడు. అంతకుముందే, 1999లో, ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో విలియం మారస్ బృందం 50 కేజీల మనిషిని, అదీ చెప్పిన మాట విని సహకరించే మనిషిని, రకరకాల పద్ధతుల్లో చేతులతో మార్చి చూసింది. నడుముకి ముప్పు లేని పద్ధతి వాళ్లకి ఒక్కటీ దొరకలేదు. ఇద్దరు కలిసి ఎత్తినా అంతే. అంటే సరిగ్గా ఎత్తడం నేర్చుకుంటే చాలు, నడుం పట్టదు అని నర్సింగ్ స్కూళ్లలో చెప్పుకునే ధైర్యానికి ఆధారం లేదన్నమాట.

ఇదంతా మామయ్యగారికి చదివి వినిపిస్తే ఆయన పెదవి విరిచారు. "ఈ సంగతి మా హమాలీలకి తెలీదుటమ్మా?" అన్నారు. యార్డులో మిర్చి టిక్కీని, అంటే బస్తాని, ఒంటరిగా నేల మీంచి ఎత్తినవాణ్ణి ఆయన చూడలేదట. ఇద్దరు చెరో చివరా పట్టి మూడోవాడి వీపు మీదికి ఎక్కిస్తారు. వీపెక్కాక ఇక మోయడమే, ఎత్తడం ఉండదు. దొర్లించడానికి వీలున్నచోట దొర్లిస్తారు, బండి దాకా ఈడ్చగలిగితే ఈడుస్తారు. "నలభై కేజీల టిక్కీకే ఇంత పద్ధతి ఉంటే అరవై ఐదు కేజీల గుమస్తాకి ఏ పద్ధతీ లేదేం?" అని అడిగారు.

చట్టాన్నీ అదే ప్రశ్న అడగొచ్చు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షను, గాయమయ్యేంత బరువు ఎవరిచేతా ఎత్తించకూడదని చెప్పింది. ఆస్పత్రి వార్డు ఫ్యాక్టరీ కాదు కనుక ఆ సెక్షను అక్కడికి వచ్చేది కాదు. బ్రిటన్‌లో 1992లో వచ్చిన నిబంధనలు సరుకునీ మనిషినీ వేరు చెయ్యలేదు. ప్రమాదం ఉన్న ఎత్తుడు ఏదైనా సరే, సాధ్యమైనంత వరకు మానెయ్యమన్నాయి. అమెరికా రాష్ట్రాల్లో టెక్సస్ 2005లో ముందుగా ఆస్పత్రుల కోసం ఇలాంటి చట్టం చేసింది. జపాన్ 2013లో సవరించిన నడుంనొప్పి నివారణ సూత్రాల్లో మనిషిని మనిషి చేతులతో ఎత్తడం కూడదనే రాసుకుంది. ఇవన్నీ పనివాళ్ల నడుముల కోసం వచ్చినవి. పడుకున్నవాడికి కలిగిన మేలు కొసరు.

మన ఆస్పత్రుల్లో ఒక రోగి ఎన్నిసార్లు చేతులు మారతాడో ఎప్పుడైనా గమనించండి. వార్డు మంచం మీంచి స్ట్రెచర్ మీదికి. అక్కడినుంచి స్కానింగ్ బల్ల మీదికి. మళ్లీ స్ట్రెచర్. ఆపరేషను ఉంటే థియేటర్ బల్ల, అక్కడినుంచి రికవరీ, ఆపైన ఐసీయూ, చివరికి మళ్లీ వార్డు. ప్రభుత్వాసుపత్రుల్లో ఈ పని ఎం.ఎన్.వో.లదీ ఎఫ్.ఎన్.వో.లదీ, అంటే మగ, ఆడ నర్సింగ్ ఆర్డర్లీలది. పేరుకి ఆర్డర్లీలే గానీ, రోజంతా మనుషుల్ని మోసేది వాళ్లే. నలభై దాటిన ఎఫ్.ఎన్.వో. ఎవరినైనా కదిలించి చూడండి, నడుం సంగతి తనే చెబుతుంది. చేతులు చాలనప్పుడు "పేషెంటు తాలూకు మగవాళ్లెవరండీ, రండి" అని కేకేస్తారు. ఎవరి బావమరిదో, పక్క బెడ్డు తాలూకు కుర్రాడో వచ్చి దుప్పటి నాలుగో మూల అందుకుంటాడు. వాడికి ఏ పద్ధతీ ఎవరూ చెప్పరు. వాడు చివరి అంకె వినగానే లేపుతాడు, మిగతా ముగ్గురూ చివరి అంకె అయ్యాక లేపుతారు. ఆ క్షణంలో రోగి అవతలివైపుకి ఒరిగి ఉంటాడు.

దుప్పటిని నేను తీసిపారెయ్యను. ఈ దేశంలో కోట్లమందిని మంచాలు మార్చినది అదే. వాడే తెలివి తెలిస్తే అది మంచి పనిముట్టు కూడా: అంచులు రోగి ఒంటి దాకా గట్టిగా చుట్టుకొచ్చి, పిడికిలి అతనికి దగ్గరగా ఉంచి పట్టుకుంటే సగం నడుం మిగులుతుంది. దాని చిక్కల్లా నూలు బట్ట కావడమే. రెక్సిన్ పరుపు మీద నూలు బట్ట జారదు, పట్టుకుంటుంది. లాగితే చర్మం దుప్పటితో ఉండిపోతుంది, లోపలి ఎముక ముందుకి జరుగుతుంది. మధ్యనున్న సన్నని రక్తనాళాలు మెలితిరిగి నలుగుతాయి. పిరుదుల పైన, మడమల దగ్గర పుళ్లు పడడానికి కదలకుండా పడుకోవడం ఒక కారణమైతే, కదిలించేటప్పుడు ఇలా ఈడ్చడం ఇంకో కారణం. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో వెన్ను దెబ్బతిన్న సైనికుల వార్డు చేతికి తీసుకున్న లుడ్విగ్ గుట్‌మన్, పగలనక రాత్రనక రెండు గంటలకోసారి ప్రతి రోగినీ పక్కకి తిప్పించాడు. అంతకుముందు అలాంటివాళ్లు పుళ్లు కుళ్లీ, మూత్రంలో చీము పట్టీ నెలల్లో పోయేవారు. గుట్‌మన్ వార్డులో బతికి బయటపడ్డారు, ఆటలు కూడా ఆడారు. పారాలింపిక్స్ మొదలైంది అక్కడే. ఇన్ని చేసిన మందేమిటని చూస్తే, వేళకి మనిషిని కదిలించడం.

మా ఇంటికి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి ఒకరోజు సంచిలోంచి ఒక బట్ట తీసింది. గొడుగుబట్టంత పల్చన, నీలం రంగు. మడత విప్పుతుంటే చేతిలో నిలవకుండా జారిపోతోంది. నైలాన్ మీద సిలికాన్ పూత ఉంటుందని చెప్పింది. రెండు చివరలూ కలిపి గొట్టంగా కుట్టి ఉంది. స్లైడ్ షీట్ అంటారట. "తాతగారూ, కుడిచేయి ఇలా ఛాతీ మీద పెట్టుకోండి. ఆ ఎడమచేతిని కూడా మీరే పట్టుకుని పైన పెట్టుకోండి" అని, ఆయన్ని లాగకుండా భుజమూ తుంటీ పట్టి పక్కకి తిప్పింది. పక్షవాతం వచ్చిన చేతిని పట్టి లాగితే భుజం కీలు జారుతుందట. చంకల కింద చేతులు పెట్టి లేపొద్దనడానికి అదీ ఒక కారణం. బట్టని సగం చుట్టగా చుట్టి వీపు కిందికి నొక్కి పెట్టింది. మళ్లీ ఇటు తిప్పి ఆ చుట్ట అవతలినుంచి లాగితే బట్ట భుజాల నుంచి తుంటి దాకా కింద పరుచుకుంది. అంతే. ఏ బరువూ ఎవరూ ఎత్తలేదు.

"ఇప్పుడు కుడికాలు ముడిచి, మడమ ఆనించి, తలవైపుకి మీరే తొయ్యండి. లెక్క కూడా మీరే పెట్టండి. మేం మీ అంకెకే కదుల్తాం."

మామయ్యగారు ఒకటి అన్నారు, రెండు అన్నారు, మూడనేలోపే దిండు దాకా జారిపోయారు. సగం దూరం ఆ ఒంటికాలే తోసింది. బట్ట తన మీద తనే జారుతుంది కనుక చర్మానికి ఒరిపిడి లేదు. రాపిడి పోయాక ఆ ఒక్క కాలి సత్తువే చాలింది. ఆయన కాసేపు కప్పు వైపు చూసి, "యార్డులో ఈ బట్ట ఉంటే హమాలీలు సగంమంది ఇంటికెళ్లేవాళ్లు" అన్నారు.

అక్కడ నాకు అర్థమైనది ఇది. చేతులతో ఎత్తినప్పుడు ఎత్తబడేవాడు చెయ్యగలిగింది ఒకటే, బిగుసుకుని కళ్లు మూసుకోవడం. పని మొత్తం ఎదుటివాళ్లది, అందుకే రుణమంతా తనది. జరిపినప్పుడు పనిలో అతనికి వాటా ఉంటుంది. ఒక కాలి తోపుడో, చేతి ఆసరావో, కనీసం అంకెలు లెక్కపెట్టడమో. ఇంకొకటీ ఉంది. నా చేతులు పట్టుకున్నది బట్ట చెవుల్ని, ఆయన్ని కాదు. ఆయన ముఖానికీ నా ముఖానికీ మధ్య మామాకోడళ్ల మధ్య ఉండవలసినంత దూరం ఉంది. మర్యాదకి భంగం లేని సాయాన్ని మనవాళ్లు జంకు లేకుండా అడగగలరు. ఆ నీలం బట్ట వచ్చాక నేనూ పనిమనిషీ ఇద్దరమే మధ్యాహ్నం పూట ఆయన్ని మంచం అంచుకి చేర్చి కూర్చోబెట్టగలిగాం. కుడిపక్కన చక్రాల కుర్చీ పెట్టి, బ్రేకులు వేసి, చేతుల పట్టీ తీసేసి, మంచానికీ కుర్చీకీ మధ్య నున్నటి చెక్క ఒకటి వంతెన వేస్తే, ఆయన ముందుకి వంగి, కుడిచేత్తో నొక్కుకుంటూ, కొంచెం కొంచెం దాని మీద జరిగి కుర్చీలోకి వెళ్లేవారు. మా పని మోకాలు జారకుండా అడ్డుపెట్టడం, ఎడమచేయి నలగకుండా చూడడం.

ఆస్పత్రుల్లో దీనికే పెద్దన్న ఉంటుంది. నిలువెత్తు ప్లాస్టిక్ పలక. రెండు మంచాల ఎత్తూ సమానం చేసి, వెళ్లవలసిన మంచం ఒక వేలెడు తక్కువైనా మంచిదే, రోగిని కాస్త పక్కకి ఒరిగించి ఆ పలక అంచు కిందికి దూర్చి, మంచాల మధ్య సందు మూసి, దాని మీదుగా జరుపుతారు. చుట్టూ తిరిగే బట్ట తొడిగిన రోలర్ పలకలు ఇంకో రకం. మరీ భారీ మనుషులకి గాలి పరుపులొచ్చాయి. పంపు పెట్టి గాలి నింపితే, అడుగునున్న సన్నని రంధ్రాల్లోంచి గాలి కిందికి చిమ్మి, పరుపు మంచానికి తగలకుండా వెంట్రుకవాసి పైన తేలుతుంది. వందకేజీల పైబడిన మనిషిని ఇద్దరు ఆడపిల్లలు పక్క మంచం మీదికి తోసెయ్యగలరు. కూర్చోలేనివాళ్లకి, సహకరించలేనివాళ్లకి జోలెలో కూర్చోబెట్టి పైకి లేపే హోయిస్టు ఉంటుంది.

ఆ హోయిస్టు కథ నాకు ఇష్టం. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం ఆష్‌కాష్ ఊళ్లో టెడ్ హోయర్ అనే కుర్రాడికి కారు ప్రమాదంలో మెడ దెబ్బతిని కాళ్లూ చేతులూ పడిపోయాయి. హైడ్రాలిక్ పంపుతో మనిషిని లేపే యంత్రాన్ని ఆలోచించి, తయారుచేసి, కంపెనీ పెట్టి అమ్మినవాడు అతనే. ఇప్పటికీ అక్కడ అలాంటి యంత్రాన్ని హోయర్ లిఫ్ట్ అనే అంటారు. రోగుల్ని రోజూ ఎత్తే ఆస్పత్రులకి తట్టని ఆలోచన రోజూ ఎత్తబడేవాడికి తట్టింది. ఎంతమందిని ఎన్నిసార్లు పిలవాలో, పిలిచినప్పుడల్లా ఎదుటి ముఖంలో ఏం కనబడుతుందో తెలిసినవాడు అతనొక్కడే కదా.

దీనికి పూర్తిగా ఎదురుదారిలో వెళ్లిన యంత్రం జపాన్‌లో పుట్టింది. రికెన్ పరిశోధన సంస్థవాళ్లు 2009లో రీబా అనీ, 2015లో రోబేర్ అనీ ఎలుగుబంటి ముఖమున్న రోబోలని చేశారు. పసిబిడ్డని తల్లి ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద మనిషిని పొదివి పట్టుకుని మంచం మీంచి లేపుతాయి. 80 కేజీల మనిషిని ఎత్తడానికి రోబేర్ తను 140 కేజీలు తూగింది. ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి గానీ ఆ రోబో మాత్రం పరిశోధనశాల దాటి వార్డుల్లోకి రాలేదు. ఇంజనీరింగ్ పరంగా గొప్ప పనే. నాకు ఆశ్చర్యం కలిగించేది ఆ ఊహ. మనిషి నడుం విరగ్గొట్టుకునే పద్ధతినే, ఎత్తుకోవడాన్నే, యంత్రానికీ నేర్పారు. ఎత్తుకుంటేనే ప్రేమ అన్న నమ్మకం మన ఒక్కరిదే కాదన్నమాట. ఎలుగుబంటి ముఖం పెట్టడం కూడా అందుకే అయ్యుండాలి.

ఆ నమ్మకమే మన దగ్గర ఇలాంటి సామానుకి మొదటి అడ్డం. బంధువులొచ్చి నీలం బట్ట చూసి, "అయ్యో, మనుషులుండగా ఇవన్నీ ఏంటమ్మా" అన్నారు. కోడలు చేతులు తడవకుండా తప్పించుకుంటోందనే భావం అందులో కొంత ఉంది. నేనేం బదులు చెప్పలేదు. మామయ్యగారే చెప్పారు: "మనుషులున్నారు కాబట్టే తెచ్చారండీ. వాళ్లు రేపు కూడా ఉండాలిగా."

రెండో అడ్డం మన ఇళ్లే. హోయిస్టు కాళ్లు మంచం కిందికి దూరాలి. ఫ్లాట్లలో ఇప్పుడందరూ కొనేది కింద సామాను పెట్టుకునే బాక్స్ కాట్లు. వాటి కింద బొద్దింక కూడా దూరదు. పాత నవారు మంచం కింద బోలెడు చోటుంది గానీ, పడుకుంటే నడుం కుంగిపోయి పట్టె కన్నా కిందికి వెళుతుంది. అక్కడినుంచి జరపడం కుదరదు, గుంటలోంచి లేపినంత పని. ఇక స్నానాల గది తలుపు ఇంట్లో అన్ని తలుపులకన్నా సన్నం. చక్రాల కుర్చీ అక్కడిదాకా వెళ్లి ఆగిపోతుంది. మనం ఇల్లు కట్టుకునేటప్పుడు వాస్తు చూస్తాం, గాలి చూస్తాం. ఆ ఇంట్లోనే ముసలివాళ్లమవుతామన్నది మాత్రం ప్లానులోకి రాదు.

మూడోది మనం సాయం అని దేన్ని అనుకుంటున్నామన్నది. పేద వృద్ధులకి ఉపకరణాలిచ్చే రాష్ట్రీయ వయోశ్రీ పథకం 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు, కళ్లజోళ్లు, పళ్లసెట్లు. తయారుచేసి పంచేది కాన్పూరులో 1972లో పెట్టిన అలింకో. మంచి పథకమే, అందుకున్నవాళ్లని చూశాను. అయితే ఆ వస్తువులన్నీ ఎంతో కొంత తనంత తాను తిరగగలిగేవాడికి పనికొచ్చేవి. చక్రాల కుర్చీ ఇచ్చారు, బాగుంది. మంచం మీంచి ఆ కుర్చీలోకి వెళ్లే మూడడుగుల దారికి ఏమీ ఇవ్వలేదు. ఊళ్లల్లో పంచాయతీ ఆఫీసు దగ్గర్నుంచి తీసుకొచ్చిన కుర్చీలు వసారాల్లో బట్టలారేసుకోవడానికి పనికొస్తున్నాయంటే ఇచ్చినవాళ్లదీ తీసుకున్నవాళ్లదీ తప్పు కాదు. నడుమ ఒక మెట్టు లేదు.

ఆ మెట్టు ఖరీదైనదా అంటే కాదు. ఇలాంటి బట్ట మంచి పట్టుచీర ఖరీదులో పదోవంతు ఉండదు. గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో, హైదరాబాదు కోఠీలోనో సర్జికల్ షాపులవాళ్లని అడిగితే ఒకోసారి తెప్పించి ఇస్తారు, ఒకోసారి "అదేంటండీ" అని ఎదురు అడుగుతారు. దొరకనిచోట ఇళ్లల్లో ఉన్నదే పనికొస్తుంది. నూలు దుప్పటి మీద నడుం దగ్గర శాటిన్ గుడ్డో, పాత పట్టుపంచో అడ్డంగా పరిస్తే పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి రాత్రిపూట తమంత తాము పక్కకి తిరగడం తేలికవుతుంది. కారు సీటు మీద ప్లాస్టిక్ సంచి పరిచి దాని మీద కూర్చోబెడితే కాళ్లు లోపలికి తిప్పుకోవడం సులువు. జారేది ఏదైనా పని అవగానే తీసెయ్యాలి. మర్చిపోయి కింద ఉంచితే అదే బట్ట మనిషిని నేల మీదికి దించుతుంది.

ఇవేవీ మంచం పట్టినవాణ్ణి లేపి నడిపించవు. ఆధారపడడం అలాగే ఉంటుంది, ఇద్దరు మనుషులూ కావాలి. మారేది ఆ ఆధారపడడంలోని రేటు. ఒక్కసారి కదలడానికి ఇంటిల్లిపాదీ పోగవ్వాల్సిన అవసరం పోయాక, అడగడానికి వెనకాడడం కూడా పోతుంది. మామయ్యగారు మెల్లిగా చిన్నచిన్న కోరికలు కోరడం మొదలుపెట్టారు. వరండాలోకి అన్నారు, అటు తిరిగి పడుకుంటానన్నారు, కాసేపటికి ఇటే బాగుందన్నారు. విసుగొచ్చిన రోజులున్నాయి. "ఇందాకే కదండీ మార్చాం" అని నేనంటే, "మార్చడానికేగా ఆ బట్ట కొన్నది" అనేవారు. ఆ గదమాయింపు మా ఇంటికి తిరిగి రావడమే నా దృష్టిలో ఆ సామాను గెలుపు. ఒద్దికగా పడి ఉండే రోగికన్నా ఊరికే పిలిచే రోగి ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క.

ఆస్పత్రినుంచి ఇంటికి పంపేటప్పుడు మందులు ఏ పూట ఏవి వేసుకోవాలో రెండు రంగుల పెన్నులతో రాసిస్తారు. ఉప్పు తగ్గించమంటారు, మళ్లీ ఎప్పుడు రావాలో చెబుతారు. ఈ మనిషిని రేపు పొద్దున మంచం మీంచి ఎలా లేపాలి, ఎవరు లేపాలి, ఏ చేయి పట్టుకోకూడదు అన్నది ఆ కాగితంలో ఉండదు. దానికి డాక్టరు అక్కర్లేదు. ఆ వార్డులో పనిచేసే ఫిజియోనో, అనుభవమున్న సిస్టరో ఇంట్లోవాళ్లని మంచం పక్కన నిలబెట్టి, వాళ్లచేతే ఒకసారి తిప్పించి, ఒకసారి జరిపించి చూపిస్తే అరగంట పని. మగవాళ్లకి ఒక్కరికే కాకుండా, పగలంతా ఇంట్లో ఉండేదెవరో కనుక్కుని వాళ్లకి చూపించాలి. ప్రభుత్వాసుపత్రిలో అది ఉద్యోగధర్మంలో భాగం చెయ్యొచ్చు. ప్రైవేటులోనైతే బిల్లులో ఇంకో లైను చేర్చుకోమనండి. పత్తికీ సూదికీ విడివిడిగా వేసేవాళ్లకి అదేం పెద్ద కష్టం కాదు. మిగతా లైన్లన్నిటి దగ్గరా బేరమాడే మా మామయ్యగారి లాంటి గుమస్తా కూడా ఆ లైను మీద టిక్కు పెట్టి కిందికి దిగుతాడు.